ఆవలి ఒడ్డు నుంచి ఉత్తరాలు

"ఏసా మిల్లుకి వెళ్లాడండీ. మొక్కజొన్న పిండి ఆడించుకుని వస్తాడు," అంది కెజయా, అతిథి బండి దిగీ దిగకముందే.

ఓరిన్ స్టెడ్‌మన్ ఇంకా ఏమీ అడగనే లేదు. టోపీ తీసి, ఎడమకాలు కాస్త ఈడుస్తూ మెట్లెక్కాడు.

"తొందరేముందండీ! వెర్మాంట్ నుంచి వర్జీనియా దాకా రైల్లో ఊగి ఊగి వచ్చాను. ముందు కదలని కుర్చీ ఒకటి చూపించండి."

కెజయా నవ్వేసింది. ఈరోజు నవ్వగలనని ఆమె అనుకోలేదు. వారం రోజులుగా ఆమెకు మనసు మనసులో లేదు. ఆమె తమ్ముడు ఏసా మిల్లుకి వెళ్లలేదు. ఇరవై నాలుగేళ్ల క్రితం, అమెరికా అంతర్యుద్ధంలో, దక్షిణాది సైన్యంతో పెన్సిల్వేనియా వెళ్లాడు. మళ్లీ తిరిగి రాలేదు.

యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 'ఏసా ప్రూయిట్ ఇంటివారికి' అని ఒక ఉత్తరం వచ్చింది. 'నేను ఉత్తరాది సిపాయిని. నదికి ఆవలి ఒడ్డున కాపలా కాసేటప్పుడు ఏసాతో స్నేహం కుదిరింది. ఈ చిరునామా అతనే ఇచ్చాడు. మీరు జవాబిస్తే మిగతాది రాస్తాను.' అంతే ఉంది అందులో. మంచం పట్టిన తల్లికి చదివి వినిపిస్తే ఆవిడ లేచి కూర్చుంది. "అవతలి వాళ్లతో కూడా దోస్తీ కట్టాడా, నా వెధవ!" అని నవ్వింది. నాలుగేళ్లలో అదే మొదటి నవ్వు.

ఏసా లేడని రాస్తే ఈ మనిషి ఇంకేం రాస్తాడు? కెజయా కలం అందుకుని, 'నేను కులాసా. నువ్వెలా ఉన్నావు?' అని రాసి, కింద ఏసా అని సంతకం పెట్టింది.

దానికి జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. ఆ తర్వాత మాత్రం ఉత్తరాలు ఆగలేదు. ఆ నది ఒడ్డున గడిపిన చలికాలం గురించి, అక్కడ లేనివాళ్లకు చెప్పినట్టు పూసగుచ్చి రాసేవాడు ఓరిన్. ఏటా 'అమ్మకి' అంటూ మేపుల్ చెట్టు చక్కెర పంపేవాడు. తల్లికి కొడుకు లేడని తెలుసు. అయినా ఉత్తరం చదివినంతసేపూ వాడు ఇంట్లో తిరుగుతున్నట్టే ఉండేదావిడకు. మొన్న మార్చిలో ఆవిడ పోయింది. ఆ సంగతి రాస్తే, 'అయితే ఇక నేను ఒకసారి రావాలి' అని జవాబొచ్చింది.

కెజయా పంది మాంసం వేయించి, మొక్కజొన్న రొట్టె, యాపిల్ ముక్కలు నింపి కాల్చిన 'పై' వడ్డించింది. ఓరిన్ మొహమాటం లేకుండా తిన్నాడు.

"పంతొమ్మిదేళ్లకు సైన్యంలో చేరాను. నాకంటే నా తుపాకీయే బరువు, అంత సన్నంగా ఉండేవాణ్ణి. ఆ చలికాలం మేం ఈవల, మీవాళ్లు ఆవల. ఒకరోజు అవతలి నుంచి కేక వినబడింది. 'ఒరే ఉత్తరాది యాంకీ! మీ కాఫీ వాసన ఇక్కడిదాకా కొడుతోంది. కాస్త జాలి చూపించరా!'"

"వాడే! అచ్చం వాడే!" అంది కెజయా.

"'పొగాకు ఉందా దక్షిణాది రెబెలూ?' అన్నాను. చెక్కముక్కకు గుడ్డ తెరచాప కట్టి, మీద పొగాకు పెట్టి నదిలో వదిలాడు. అది తిన్నగా రాకుండా మా కెప్టెన్ కాళ్ల దగ్గరికి వెళ్లి ఆగింది. పొగాకంతా ఆయనే లాగేసుకున్నాడు."

కెజయా కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"మర్నాడు తెప్ప కట్టుకుని వాడే వచ్చేశాడండీ. మా నిప్పు దగ్గర అరగంట కూర్చున్నాడు, మూడు కప్పులు తాగాడు. 'మావైపు కాఫీ అంటే మాడిన రై ధాన్యం గింజలేరా' అన్నాడు. వెళ్లేముందు ఈ ఇంటి చిరునామా రాసిచ్చాడు. 'మా అక్క యాపిల్ పై తినకుండా చావకు' అన్నాడు."

"ఇంకో ముక్క వేసుకోండి."

"వేయండి, వాడి మాట కాదనలేను." ప్లేటు ముందుకు జరిపాడు. "ఆ మరుసటి ఏడు ఈ మడమలో తూటా దిగింది. ఇంటికి పంపేశారు. ఆవులు కొనుక్కున్నాను, పెళ్లి చేసుకున్నాను, ఇద్దరు కూతుళ్లు. మా ఆవిడ పోయి ఆరేళ్లయింది. చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, కానీ బాగానే బతికాను."

మధ్యలో వచ్చిన జూలై గురించి, పెన్సిల్వేనియాలో జరిగిన పోరు గురించి అతను చెప్పలేదు. కెజయా కూడా అడగలేదు. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. ఇంత మంచి మనిషికి ఇంకొక్క అబద్ధం కూడా చెప్పలేననిపించింది ఆమెకు. చేతులు తుడుచుకుని ఎదురుగా కూర్చుంది.

"స్టెడ్‌మన్ గారూ, ఏసా మిల్లుకి వెళ్లలేదు."

అతను ఫోర్కు కింద పెట్టాడు.

"ఆ జూలైలోనే పోయాడు. ఎక్కడ పడ్డాడో కూడా మాకెవరూ చెప్పలేదు. ఇరవై ఏళ్లుగా మీకు రాసింది నేనే. అమ్మ కోసం మొదలెట్టాను. తర్వాత నా కోసమే రాశాను. నన్ను తిట్టండి, మీకా హక్కుంది."

ఓరిన్ తిట్టలేదు. బల్ల మీదుగా చెయ్యి చాపి ఆమె చేతిని పట్టుకున్నాడు.

"నాకు తెలుసమ్మా."

"ఎప్పట్నుంచి?"

"మీ మొదటి ఉత్తరం నుంచే."

"ఎలాగండీ? దస్తూరీ చూసి పట్టేశారా?"

ఓరిన్ తల అడ్డంగా ఊపాడు.

"ఏసాను పూడ్చిపెట్టింది నేనే."