ఇనప పళ్లు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తాను చదువు సగంలో ఆపేసినట్టు, కూతురు కూడా ప్రతిదీ సగంలో వదిలేస్తుందేమోనని.

ఆ ఆదివారం ఆ భయం ఎదురుగా వచ్చి నిలబడింది.

రిమోట్ ట్రక్కుల పోటీలో పదేళ్ల కూతురి ట్రక్కు మూడో మలుపులో గిర్రున తిరిగి, గడ్డిలోకి పోయి పడింది. వరసగా నాలుగో వారం.

"అమ్మా, ఇంక నేను రాను. దీన్ని ఎవరికైనా ఇచ్చెయ్."

కంచె పక్కన బోర్లించిన బకెట్ మీద కూర్చున్న ముసలాయన పకపకా నవ్వాడు. ఎవరి బండి పడినా ఏదో ఒకటి అనందే ఊరుకోడు. పిల్లలు ఆయనకు 'నస తాత' అని పేరు పెట్టారు.

"ఇవ్వకు బుల్లీ. తీసుకున్నవాళ్లు తిట్టుకుంటారు."

ఆమెకు ఒళ్లు మండింది.

"పిల్ల ఏడుస్తుంటే నవ్వుతారేంటండీ? పెద్దవారు కదా!"

"పిల్లని చూసి కాదమ్మాయ్, నిన్ను చూసి. ఏడుస్తున్నది బండి అయితే, నువ్వు పిల్ల ముక్కు తుడుస్తున్నావు."

"బండి ఏడవడమేంటి?"

"మలుపులో లోపలి చక్రం పైకి లేస్తోంది. మోటారు బలమంతా దానికే పోతోంది. అది గాల్లో గింగిరాలు కొడుతుంటే, నేల మీదున్న చక్రం పస్తులుంటోంది. డిఫరెన్షియల్ బాగుచెయ్."

అదేమిటో ఆమెకు తెలియదు. తెలియదని ఆయన ముందు ఒప్పుకోవడం ఇష్టంలేదు.

అడక్కుండానే ఆయన చెప్పాడు.

"మలుపులో బయటి చక్రం ఎక్కువ తిరగాలి, లోపలిది తక్కువ. ఆ తేడా చూసుకునే చిన్న డబ్బా అది. ముందొకటి, వెనకొకటి. నీ దాంట్లో ఉన్నవి ప్లాస్టిక్ పళ్లచక్రాలు, కాస్త గ్రీజు. ఇనప పళ్లు వేసి, చిక్కటి సిలికాన్ నూనె పొయ్యి. అప్పుడు ఒక్క చక్రమే అంతా తినెయ్యదు."

"మీరే చేసిపెట్టండి మరి."

"చెయ్యను. నేను చేస్తే వచ్చే వారం మళ్లీ నా దగ్గరికే వస్తావు. నీ వల్ల కాదంటే చెప్పు, ఇప్పుడే ఇంటికి పట్టుకుపో."

'నీ వల్ల కాదు' అన్న మాట ఆమె ఎనిమిదో తరగతిలో ఒకసారి వింది. తల దించుకుని ఇంటికొచ్చేసింది.

ఈసారి దించలేదు.

"అవుతుందో కాదో ఆదివారం చూడండి."

మర్నాడు విడిభాగాల దుకాణానికి వెళ్లింది. దుకాణదారు ట్రక్కును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"విప్పడం తేలికే అక్కా. బిగించడమే మీవల్ల కాదు. కొత్తది కొనుక్కోండి."

"రోజుకు ఎనభై కాలర్లు కుడతాను. మిషన్ మొండికేస్తే నేనే విప్పి నేనే బిగిస్తాను. పళ్లివ్వు అన్నా."

అతను పాత కాగితంలో చుట్టిన పొట్లం తీసి ఇచ్చాడు. దాని మీద ఏ కంపెనీ పేరూ లేదు.

ఇంట్లో బల్ల మీద దుప్పటి పరిచి, కూతుర్ని పిలిచింది.

"నేనెందుకు? నేను వదిలేశాగా."

"వదిలేసుకో. ఏ స్క్రూ ఎక్కడిదో మాత్రం గుర్తుపెట్టుకో."

పాత పళ్లు అరిగిపోయి, రెండు విరిగి ఉన్నాయి. కొత్తవి కూర్చింది. ముందు డబ్బాలో చిక్కటి నూనె, వెనకదాంట్లో కాస్త పల్చటిది పోసింది. బిగించడానికి రెండు సాయంత్రాలు పట్టింది.

రిమోట్ నొక్కితే ట్రక్కు మూలిగింది. కదల్లేదు. ముందు చక్రాలు వెనక్కి, వెనక చక్రాలు ముందుకి తిరుగుతున్నాయి.

"అమ్మా! ఇది తనతో తనే కొట్లాడుతోంది!"

ఆమెకు నవ్వు రాలేదు. అందరూ అన్నదే నిజమైందనిపించి, స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసింది.

కూతురు మాత్రం ట్రక్కును బోర్లించి కాసేపు చూసింది.

"ముందు డబ్బా తిరగేసి పెట్టావు. పెద్ద పళ్లచక్రం అటువైపు ఉండాలి."

"నువ్వు వదిలేశావు కదే?"

"అబ్బా, ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వమ్మా!"

ఆదివారం మూడో మలుపులో ట్రక్కు ఒకవైపు ఒరిగింది, నేలను పట్టుకుంది, తిరిగింది. ప్రతి చుట్టూ అలాగే.

ఐదో స్థానం. ఒక్కసారీ పడలేదు.

'ఇప్పుడు నవ్వండి చూద్దాం' అనడానికి ఆమె కంచెవైపు విసవిసా నడిచింది. బకెట్ ఖాళీగా ఉంది. తర్వాతి ఆదివారమూ అంతే.

ఆ మర్నాడు, ఎందుకైనా మంచిదని ఇంకో జత పళ్ల కోసం దుకాణానికి వెళ్లింది.

"ఆ పళ్లు రావడం లేదక్కా, రెండు వారాలైంది. కంపెనీవి తీసుకోండి."

"అవి ఎవరు చేస్తారు?"

"మీరెరగరా? ట్రాక్ దగ్గర కూర్చుని అందర్నీ దెప్పుతుంటాడే, ఆయనే. ఇంట్లో ఒక్కో పన్నూ ఆకురాయితో రాసి చేస్తాడు. అక్కడ తిరిగే బండ్లలో సగం ఆయన పళ్ల మీదే తిరుగుతున్నాయి. ఎవరి బండిలో ఎలా పలుకుతున్నాయో వినడానికే వస్తాడు."

ఆ పళ్లు తనవని ఆయన ఒక్కసారి కూడా చెప్పలేదు.

"ఇల్లెక్కడ?"

"పొట్లం ఇచ్చి పోతాడు. ఎవరడిగారు? పోనీలెండి, కంపెనీవి ఇవ్వనా?"

"వద్దు. పోనివ్వను."

ఇప్పుడు తల్లీకూతుళ్లు రోజూ సాయంత్రం ఒక్కో వీధీ వెతుకుతున్నారు. మీ వీధిలో ఏ ఇంట్లోనైనా ఇనుము రాసే చప్పుడు రోజూ వినిపించి, ఈమధ్య ఆగిపోయి ఉంటే, కాస్త వెళ్లి తలుపు కొట్టండి. తీయలేదని మాత్రం వెనక్కి వచ్చేయకండి.