చివరి చుట్టు

పలాసలో జీడిపిక్కల గోదాము. బస్తాల మధ్యయితే చప్పుడు మార్మోగదని, బ్యాండుమేళం వాళ్లిద్దరూ ఆ రాత్రి అక్కడే కూర్చుని తమ గురువు కూర్మనాథం కట్టిన వరసలన్నీ టేపురికార్డరులోకి ఎక్కించారు. నాగభూషణానిది క్లారినెట్టు, దండాసిది డోలు.

ఆఖరి వరసలో చివరి చుట్టు మాత్రం వదిలేశారు. కిందటేడు టెక్కలి పెళ్లిలో గురువు క్లారినెట్టు మీద ఆ చుట్టు వాయిస్తూనే కుప్పకూలి ప్రాణం విడిచాడు. అప్పటినుంచి దాని జోలికి ఎవరూ పోలేదు.

"ఓపాలి ఇందాం బావా," అన్నాడు దండాసి.

టేపు తిరిగింది. వాళ్లు ఆపిన చోటే డోలు ఆగింది. క్లారినెట్టు ఆగలేదు. తొణక్కుండా చివరి చుట్టులోకి దిగింది.

దండాసి టేపురికార్డరు మీదికి వంగాడు. "గురువుగారు వాయిత్తన్నారేటి బావా?"

నాగభూషణం తల అడ్డంగా ఊపాడు. టేపులో స్వరం మారినప్పుడల్లా టిక్కు టిక్కుమని చిన్న చప్పుడు. పొద్దున్నే తన క్లారినెట్టు మీట ఒకటి వదులైతే దారంతో కట్టాడు. ఆ మీట చేసే చప్పుడే అది.

"నానేరా," అన్నాడు మెల్లగా. "నాను వాయించనేదు. కానీ అది నానే."

టేపులో క్లారినెట్టు ఉన్నట్టుండి తెగిపోయింది. ఏదో బరువుగా బస్తాల మీద పడింది. వెంటనే దండాసి గొంతు కేకపెట్టింది. "బావా! ఏటయిపోనాది బావా! లెగు!"

పక్కనున్న దండాసి నోరే మెదపలేదు.

టేపు అయిపోయింది. ఆ నిశ్శబ్దంలో, నాగభూషణం ఒళ్లో ఉన్న క్లారినెట్టు టిక్కుమంది.