ఇన్‌షిరాహ్ చుట్టాలు

"ఇల్లూ వాకిలీ లేని రోగులకు సేవ చేయడం మీకు ఇబ్బందిగా ఉంటుందా? అస్సలు ఉండదంటే ఒకటి, చాలా ఉంటుందంటే ఐదు," అని అడిగింది డాక్టర్ రగ్దా.

"అలాంటివాళ్ళకు నేనెప్పుడూ చేయలేదు," అంది నర్సు ఇన్‌షిరాహ్, సెలైన్ సీసా మారుస్తూ.

రగ్దా కైరో నుంచి అలెగ్జాండ్రియాకు ఈ పని మీదే వచ్చింది. వీధుల్లో బతికేవాళ్ళను ఆస్పత్రి సిబ్బంది ఏ కంటితో చూస్తారో కొలవడానికి ఎక్కడో మంచుదేశంలో కొన్ని ప్రశ్నలు తయారుచేశారు. అవి మిగతా దేశాల్లో పనికొస్తాయో లేదో తేల్చాలి. ఈజిప్టు వంతు రగ్దా మీద పడింది. ప్రశ్నలను ముచ్చటైన అరబ్బీలోకి మార్చుకుని తెచ్చింది. జవాబులే రావడం లేదు. ఈ వార్డులో ఎవరిని కదిపినా ఒకటే మాట, అలాంటివాళ్ళు మా దగ్గరికి రారని.

"రాకపోవడమేమిటి? సముద్రపు గోడ పక్కన ఎంతమంది పడుకుంటున్నారో నిన్న కళ్ళారా చూశాను. ఈ చలివానల్లో వాళ్ళకు జబ్బు చేయదా?"

"ఎందుకు చేయదు? కానీ వెంట బంధువు లేనిదే ఇక్కడ పడక ఇవ్వరు డాక్టరమ్మా. బంధువున్నవాడు దిక్కులేనివాడెలా అవుతాడు?"

ఆ ఎదురుప్రశ్నకు రగ్దాకు ఒళ్ళు మండింది.

అంతలో అంబులెన్సువాళ్ళు ఒక ముసలాయన్ని స్ట్రెచర్ మీద తోసుకొచ్చారు. నిలువునా తడిసి, దగ్గుతో మెలికలు తిరిగిపోతున్నాడు. రొమ్ములో నిమ్ము చేరిందన్నారు.

"ఈయన తాలూకు ఎవరు?" గుమస్తా సుబ్హీ తల ఎత్తకుండానే అడిగాడు.

"నేనే. మా మేనమామ," అంది ఇన్‌షిరాహ్.

సుబ్హీ రాసుకున్నాడు. కిటికీ పక్క పడక ముసలాయనదైంది. ఇన్‌షిరాహ్ ఆయన బట్టలు మార్చింది, దుప్పటి కప్పింది, వేడి పప్పుచారు తెచ్చి చెంచాతో తాగిస్తూ మొదలుపెట్టింది.

"ఈ వానలో ఊరేగకపోతే ఏం మునిగిపోయింది మావయ్యా? ఈ వయసులో నీకు సముద్రం గాలి కావాల్సొచ్చిందా?"

"ఉప్పు తక్కువైంది," అన్నాడాయన.

"చాల్లే. దొరికినదానికి వంకలొకటి."

"ఆ నోరు చూడు. అచ్చం మీ అమ్మ నోరే."

చెంచా ఒక్క క్షణం ఆగింది. "అవునా?" అంది ఇన్‌షిరాహ్. మళ్ళీ తిట్టడం అందుకుంది.

రగ్దా ఇదంతా చూస్తూనే ఉంది. పక్క పడక మీదున్న ఆవిడను చూపించి, "మరి ఈవిడ?" అంది.

"మా పెద్దమ్మ."

"ఆ మూలనున్నాయన?"

"మా బాబాయి."

"ఆ గడ్డమాయన?"

"మా బాబాయి తోడల్లుడు."

"మీది పెద్ద కుటుంబమే."

"దేవుడి దయ."

రగ్దాకు అప్పుడు వెలిగింది. లోపల మనవాళ్ళు ఒకరుంటే చాలు, ఏ తలుపైనా తెరుచుకుంటుంది. కైరోలో పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి ఒకరు నేర్పాలా? ఉచిత వార్డును ఈ నర్సు తన చుట్టపక్కాలతో నింపేసింది. ఇక పాపం దిక్కులేనివాళ్ళకు చోటెక్కడ? రగ్దాకు నిజంగానే కోపం వచ్చింది. తన ప్రశ్నల్లో లోపం లేదని తేలినందుకు కొంచెం సంతోషం కూడా వేసింది, ఎందుకు దాచాలి.

సరాసరి పెద్ద డాక్టరు షౌకత్ గదిలోకి వెళ్ళింది. తల నెరిసిన ఆ పెద్దాయన పుదీనా టీ తాగుతూ అంతా విన్నాడు.

"ఆ పడకలు ఇవాళే ఖాళీ చేయించండి. ముందు ఆ మేనమామను పంపించేయండి. లేదంటే మంత్రిగారి దాకా వెళ్తాను."

గుమ్మంలో ఇన్‌షిరాహ్ నిలబడి ఉంది. మొహం పాలిపోయింది. ఇందాకటి నోరు ఏమైందో, రెండు చేతులూ జోడించింది.

"నన్ను పనిలోంచి తీసేయండి సార్. మావయ్యను మాత్రం నిమ్ము తగ్గేదాకా కదపొద్దు. మళ్ళీ ఆ వానలోకి వెళ్తే బతకడు."

"నువ్వెళ్ళి ఆయనకు ఇంజెక్షను ఇవ్వమ్మా," అన్నాడు షౌకత్.

ఆమె కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

"చూశారుగా, చుట్టాలంటే ఎంత ప్రాణమో," అంది రగ్దా.

షౌకత్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"పొత్తిళ్ళలో ఈ ఆస్పత్రి మెట్ల మీద మాకు దొరికిన పిల్లకు చుట్టాలెక్కణ్ణుంచి వస్తారమ్మా?"