అరుగుమీద రాక్షసులు

జగన్నాధం కాల్చిన చాకుతో సిపాయి మెడ కోసేశాడు. ప్లాస్టిక్ కమురువాసన వీధంతా కొట్టింది.

రామతీర్థం జాతరలో కొన్న ఆకుపచ్చ సిపాయి అది. అరవై ఎనిమిదిలో ఆ చుట్టుపక్కల ప్లాస్టిక్ బొమ్మలంటే ఇంకా వింతే. తెగిన మెడమీద లక్క కరిగించి చింతగింజ తల అతికించాడు. తుపాకీ ఊడబెరికి చీపురుపుల్ల ఈటె పెట్టాడు. ఇంకో సిపాయిని నడుం దగ్గర కోసి, ప్లాస్టిక్ గుర్రం మెడ ఉండాల్సినచోట నిలబెట్టాడు. రంగులు పడేసరికి అరుగంతా రాక్షసులే.

జగన్నాధం పొందూరులో డ్రాయింగు మాస్టరు. శనివారం వస్తే బస్సెక్కి బొబ్బిలి పక్కనున్న అత్తవారి ఊళ్లో దిగుతాడు. పెళ్లై ఏడాది దాటినా చిన్నతల్లిని కాపురానికి పంపలేదు మరి. "కోతలవనీ" అన్నాడు మావ జోగయ్య. కోతలయ్యాయి. "నువ్వులు ఇంటికి రానీ" అన్నాడు. వచ్చాయి. అత్త కూర్మమ్మని అడుగుదామంటే ఆవిడ అల్లుడి ఎదుటపడదు, గొంతైనా వినిపించనివ్వదు. ఆ ఇంటి ఆనవాయితీ అది.

ఊసుపోక మావకి ఓ ఆట నేర్పాడు. అరుగుమీద సుద్దతో గళ్లు గీసి, గవ్వలు వేసి రాక్షసుల్ని నడిపించాలి. అవతలి రాజుని పడగొడితే గెలుపు. జోగయ్యకి అది పిచ్చిగా పట్టుకుంది.

"దీన్లో నన్ను గెలు బాబూ. ఆ పూటే పిల్లని తోలేస్తాను" అన్నాడు.

జగన్నాధం గంతేసినంత పని చేశాడు. ఆట కనిపెట్టినవాడికి ఓటమేమిటి!

ఓడాడు. మళ్లీ ఓడాడు.

జోగయ్య తీరే వేరు. ఇరుకున పడ్డప్పుడల్లా "సుట్టకి నిప్పు తెస్తానుండు" అంటూ లోపలికి పోతాడు. తిరిగొచ్చి ఎవరూ ఊహించని గడిలోకి రాక్షసుణ్ణి జరుపుతాడు. లోపల పచార్లు చేస్తూ ఎత్తులు ఆలోచిస్తున్నాడని అల్లుడు లెక్క కట్టాడు.

"మా అయ్య సేతిలో ఓడిపోడానికి బస్సెక్కి వస్తన్నారేటి?" అంది చిన్నతల్లి, నవ్వలేక ఏడవలేక.

ఆ ఆదివారం జగన్నాధం అరుగుమీదే కుంపటి రాజేశాడు. పక్కన చుట్టలు, మంచినీళ్ల చెంబు.

"మీరు లేవక్కర్లేదు మావా."

జోగయ్య మొహం వాడిపోయింది. ఓ బొమ్మని ఎత్తాడు, దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఓపాలి పెరట్లోకెల్లొస్తాను."

"ఇప్పుడేగా వెళ్లొచ్చారు!"

చూస్తుండగానే జోగయ్య సేన కూలిపోయింది. గుర్రపు రాక్షసుడు రాజుని దొర్లించేశాడు.

"గెలిచాను! చిన్నతల్లీ, పెట్టె సర్దు!" అరిచాడు జగన్నాధం.

"ఒప్పుకున్నాను బాబూ, తీసుకెల్లు" అన్నాడు జోగయ్య. ఓడినవాడిలా లేడు. బరువు దించుకున్నవాడిలా చెమట తుడుచుకున్నాడు. లోపల చిన్నతల్లి ట్రంకుపెట్టె ఈడుస్తున్న చప్పుడు.

అప్పుడు తలుపు చాటునుంచి, జగన్నాధం ఏనాడూ వినని గొంతు ఖంగుమంది: "పెట్టె దించేయే సిన్నతల్లీ, ఇన్నాళ్లూ ఆడింది నానైతే మీ అయ్య ఓడిపోతే నాకేటి, ఆ బొమ్మల్ని గుమ్మంకాడికి జరపమను మీ ఆయన్ని!"