వెయ్యి ఓమ్‌ల డబ్బా

"పిడికిలి తెరువు" అన్నాడు చక్రపాణి.

జీవమ్మ తెరిచింది. అరచేతిలో రంగు గీతలున్న, వడ్లగింజలంత రెసిస్టర్లు ఐదు. తరగతి మొదలు కావడానికి ఇంకా గంట ఉంది. గదిలో ఎవరూ లేరు. రేడియో సామాన్ల బీరువా ముందు, వెయ్యి ఓమ్‌ల డబ్బా మూత తీసి పెట్టుకుని మరీ దొరికిపోయింది పిల్ల.

"ఏందమ్మా ఇది?"

"చూస్తాండా సారూ."

చూస్తోందట! రెండు నెలలుగా ఆ డబ్బాలో లెక్క తప్పుతోంది. పిల్లలు తరగతిలో బిగించి విప్పేసిన రెసిస్టర్లను సాయంత్రం ఆయనే ఏరి డబ్బాల్లో పోసి, వంద అని చీటీ రాసి పోతాడు. తెల్లారి లెక్కపెడితే డెబ్బై. పక్కనున్న పది లక్షల ఓమ్‌ల డబ్బా ఎక్కువ వాడరు గనక లెక్కపెట్టడు. ఎవరో నంద్యాల బజారులో రేడియో షాపులకు అమ్ముకుంటున్నారని అనుకున్నాడు. ఆ ఎవరో జీవమ్మ అవుతుందని కలలో కూడా అనుకోలేదు. పన్నెండు మందిలో అందరికంటే చురుకైన పిల్ల. తాను చెయ్యి పట్టుకుని సోల్డరింగ్ నేర్పిన పిల్ల.

నంద్యాలలో పాత పత్తి జిన్నింగు మిల్లు వెనక, రేకుల గదిలో నడిచే శిక్షణ కేంద్రం అది. బీద పిల్లలకు ఆరు నెలలు రేడియో తయారీ నేర్పుతారు. మర్నాడే పరీక్ష. అది 1982. ఆ పరీక్ష పాసైతే కర్నూలులో రేడియోలు బిగించే కంపెనీ పనిలోకి తీసుకుంటుంది. తప్పితే జీవమ్మకు ఆళ్లగడ్డలో మిగిలేది అమ్మానాయనల వెంట నాపరాళ్ల పనే.

సంచి దులిపి చూశాడు. సద్దిమూట, ఉల్లిగడ్డ. అంతే. అయినా ఏం లాభం? చేతిలో ఉన్నవి ఉండనే ఉన్నాయి. సామాను ఇంకొక్కసారి తగ్గితే కేంద్రం మూసేస్తామని పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చి వారం కాలేదు. ఈ పిల్లను కాపాడబోతే మిగతా పదకొండు మంది వీధిన పడతారు.

అప్పటికి మిగతావాళ్లు కూడా వచ్చి వాకిట్లో నిలబడ్డారు. మీకెవరికైనా తెలుసా అని అడిగాడు. అందరూ తలలు దించుకున్నారు. జీవమ్మ వీధివాడే గురుస్వామి ఏదో చెప్పబోయాడు. ఆ పిల్ల వాడి వైపు ఒక్క చూపు చూసింది. వాడు నోరు మూసుకున్నాడు.

"నా చేతిలో ఏం లేదమ్మా. ఇంటికి పో. రేపు పరీక్షకు రావద్దు" అన్నాడు చక్రపాణి.

జీవమ్మ ఏడవలేదు. చేతిలోని ఐదింటినీ బల్ల మీద పెట్టింది.

"పరీక్ష రాయనులే సారూ. రేపు పొద్దున ఒక్క గంట మాత్రం ఈడికి రానీండి. మీ కాల్మొక్కుతా."

ఆయనకు ఒళ్లు మండింది. దొంగ చేతికి తాళాలివ్వమన్నట్టుంది. వేలు పెట్టి వాకిలి చూపించాడు.

ఆ రోజు పిల్లలెవ్వరినీ బీరువా దగ్గరికి రానివ్వలేదు. రెండు డబ్బాలూ గుమ్మరించుకుని ఒక్కడే కూర్చున్నాడు. గోధుమ, నలుపు, ఎరుపు గీతలుంటే వెయ్యి ఓమ్‌లు. చివరి గీత ఆకుపచ్చ అయితే పది లక్షలు. పాఠం ఆయనకు నోటికి వచ్చు. ఓమ్‌లు కొలిచే మీటరు ఉంటే ముల్లు చూసి చిటికెలో తేల్చేవాడు. అది రెండు నెలల కింద రిపేరుకు పోయింది, ఇంతవరకు అతీగతీ లేదు. ఒక్కొక్కటే కళ్లకు దగ్గరగా పెట్టుకుని ఏరి, పదకొండు పొట్లాలు కట్టి సీలు వేశాడు.

ఇంటికి పోతూ టమాటాలు కొన్నాడు. సంచి చూసి భార్య కమలవల్లి, పండ్లు తెమ్మంటే మళ్లీ కాయలే తెచ్చినారా అని నసిగింది. పిల్ల మొహం కళ్లముందే ఆడుతోంది.

మర్నాడు కర్నూలు నుంచి పరీక్షాధికారి వచ్చాడు. మనిషి మహా కరుకు. నోరు విప్పినవాణ్ణి బయటికి పంపిస్తానని ముందే చెప్పాడు. పొట్లాలు విప్పారు. గురుస్వామి ఒక రెసిస్టర్ పైకెత్తి చక్రపాణి వైపు బేలగా చూశాడు. భయపడుతున్నాడేమో అనుకుని, కానీయమని ఈయన తల ఊపాడు. వాడు పక్కవాడిని చూశాడు, పక్కవాడు వాడిని చూశాడు. చేసేదేమీ లేక అందరూ తలలు వంచి, ఇచ్చినవే అతికించారు.

రెండు గంటల తర్వాత పదకొండు స్విచ్చులు వేశారు. ఒక్క రేడియో కూడా గుర్రుమనలేదు.

మొన్నటిదాకా రోజూ పాడిన సెట్లే ఇవి. పోతూ పోతూ ఆ పిల్లే ఏదో చేసి పోయిందా అనుకున్నాడు చక్రపాణి, పాపం.

పరీక్షాధికారి గురుస్వామి సెట్టు తిప్పి, ఒక రెసిస్టర్ మీద పెన్సిలు ఆనించాడు. పొట్లాలు ఎవరు కట్టారని అడిగాడు. తానేనన్నాడు చక్రపాణి.

"ఇక్కడ వెయ్యి ఓమ్‌లది గదా ఉండాల్సింది?"

"వెయ్యిదే సార్. గోధుమ, నలుపు, ఎరుపు. చూడండి" అన్నాడు చక్రపాణి ధీమాగా.

అధికారి ఆయన మొహం వైపు వింతగా చూసి, గురుస్వామి వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఈ చివరి గీత ఏం రంగు?"

గురుస్వామి కళ్లనిండా నీళ్లు.

"ఆకుపచ్చ సార్. మా సారు కండ్లకు ఎరుపూ పచ్చా ఒకటే. రోజూ మొదటి బస్సుకొచ్చి జీవమ్మ తప్పు పడినవి ఏరి పక్క డబ్బాలోకి మారుస్తాండేది. సారుకు తెలిస్తే నొచ్చుకుంటాడని మా అందరితో ఒట్టేయించుకునింది."