టేకాకు ఎగరేసిన కౌజుపిట్ట

ఆ అడవిలో ఎండలు ముదిరితే పిట్టలన్నీ కొండ అవతలి చెరువుకి వెళ్లిపోతాయి. ముందు ఎగిరి దారి చూపించే పిట్టల్ని ముసలి కొంగ ఎంచుతుంది.

ఆ ఏడు తననీ ఎంచమని కౌజుపిట్ట వచ్చింది. రెక్కలున్నా అది పొద దాటి ఎగిరింది తక్కువ. టేకాకుకి నారతాడు కట్టి, తను నేల మీదే నిలబడి, ఆకుని కొండ మీదికి పంపడంలో మాత్రం దానికి సాటి లేదు.

"ఇన్నేళ్ల అనుభవం ఉంది, కొంగ తాతా. లెక్కలోకి తీసుకోవా?" అంది.

"కొండ సందులో గాలి ఎలా ఉంటుంది?" అని అడిగింది కొంగ.

"పొద్దున్న మెత్తగా ఉంటుంది. ఎండెక్కితే ఎడమవైపు నుంచి వచ్చి కిందికి తొక్కుతుంది."

కొంగ తలూపింది. ఆ మాట దాని సొంత పిల్లలు కూడా చెప్పలేకపోయాయి.

"అలా తొక్కితే ఏం చేస్తావు?"

"తాడు వదిలేస్తాను. ఇంకో ఆకు తెచ్చుకుంటాను."

చుట్టూ కూర్చుని రెక్కలు సవరించుకుంటున్న పిట్టలన్నీ ఆగి దానివైపు చూశాయి.

"గాలి సంగతి లెక్కలో వేసుకున్నాను," అంది కొంగ. "రేపు నా వెనకే ఎగురు. తాడు ఇక్కడే వదిలేసి రా."

కౌజుపిట్ట తలెత్తి చూసింది. కొండ అంత ఎత్తుందని దానికి అప్పటిదాకా తెలియదు.