నాలుగో ట్యూబే ఆదర్శం

ఏడో ట్యూబులో కూడా దొంగ దొరికాడు.

దొంగంటే మనిషి కాదు, ఎంజైము. కణంలో చక్కెరను విరగ్గొట్టి శక్తి తీయడం దాని ఉద్యోగం. పెళ్లికూతురి ట్యూబులో మాత్రం ఉండాల్సింది కణంలో కబుర్లు మోసే ఆర్ఎన్ఏ ఒక్కటే. గాలం వేసి దాన్ని ఎంత శుభ్రంగా పైకి లాగినా, పరీక్ష ఫొటోలో ఆ ఎంజైము నల్లటి గీతై ప్రత్యక్షమవుతోంది.

పెళ్లయి రెండు నెలలైనా ల్యాబులో ఆమె పేరు పెళ్లికూతురే. పక్క బల్ల దగ్గర పనిచేసే మొగుడు పెళ్లికొడుకు. అతను రోజూ శుద్ధి చేసే ఎంజైము సరిగ్గా అదే. ఇంకేం సాక్ష్యం కావాలి?

"మాటిమాటికీ ఆ అమ్మాయి బల్ల దగ్గర నీకేం పనయ్యా?" ల్యాబు పెద్దాయన నిలదీశారు.

"పెన్ను కోసమండీ."

"రోజుకు పదకొండు పెన్నులా?" మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే అంది సీనియర్ అక్క. "నీ చేతి తొడుగుల్లోంచి చుక్కలు రాలుతుంటే ఆ పిల్లేం చేస్తుంది పాపం!"

పెద్దాయన ఫ్రిజ్ తలుపు మీద అతికించిన ఫొటో చూపించారు. ఏడింటిలో నాలుగో ట్యూబుది. ఒక్క గీత కూడా లేకుండా కడిగిన ముత్యంలా ఉంది.

"జాగ్రత్తగా ఉంటే ఇలా వస్తుందమ్మాయ్. ఆ ఒక్కరోజూ ఇతను నీ పక్కకు రాలేదన్నమాట. శుక్రవారంలోగా ఇలాంటిది ఇంకోటి చూపించు. లేదంటే ఇతన్ని ఇంకో ఊళ్లో ఉన్న మన శాఖకు పంపేస్తాను."

ఇంకో ఊరంటే రైల్లో ఆరు గంటలు. పెళ్లికూతురి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇద్దరూ కలిసి కొన్న కర్టెన్లు ఇంకా తగిలించనే లేదు.

ఆ క్షణం నుంచి కర్ఫ్యూ. అతని బల్ల మూడో అంతస్తుకు ఎక్కింది. ఆమె కొత్త తొడుగులు, కొత్త ట్యూబులు, కొత్త సీసాలు తీసింది. మెట్ల మీద ఎదురైతే చెరో గోడకూ అతుక్కుని నడిచారు. భోజనం కూడా చెరో అంతస్తులో, ఫోనులో కబుర్లు చెప్పుకుంటూ తిన్నారు.

బుధవారం, ఎనిమిదో ట్యూబు. మళ్లీ అదే గీత.

"ఒట్టు! నేను మీ గుమ్మం కూడా తొక్కలేదు," అన్నాడతను ఫోనులో.

"తెలుసులే. నువ్వు రాకపోయినా నీ ఎంజైము వచ్చేస్తోంది..." అంటూనే ఆమె ఆగిపోయింది.

అసలది ఎక్కణ్ణుంచీ రావట్లేదేమో! కణంలోనే ఆర్ఎన్ఏ చెయ్యి పట్టుకుని కూర్చుందేమో!

గురువారం ఆమె వల పన్నింది. కణాలు బతికుండగానే వాటి మీద అతినీలలోహిత కాంతి వేసింది. ఆ దెబ్బకు, లోపల ఆర్ఎన్ఏను పట్టుకుని ఉన్నవాళ్లు పట్టుకున్నట్టే అతుక్కుపోతారు. తర్వాత ఎంత ఘాటుగా కడిగినా ఊడిరారు. పైనుంచి రాలిన చుక్కలైతే ఆ కడుగుడికి కొట్టుకుపోతాయి.

శుక్రవారం ఫొటోలో గీత కాటుకలా నిలిచి ఉంది.

పెద్దాయన కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "అంటే ఇది చక్కెర విరగ్గొట్టే పని చేస్తూనే..."

"ఆర్ఎన్ఏ దగ్గర రెండో ఉద్యోగం వెలగబెడుతోందండీ! మొదట్నుంచీ అక్కడే ఉంది. ఎవరూ కలపలేదు."

కబురందిన పెళ్లికొడుకు మూడేసి మెట్లు దూకుతూ కిందికొచ్చాడు.

"ఏమనుకోకు మరిదీ, నిన్ను అనవసరంగా దొంగను చేశాం," అంది అక్క. పెళ్లికూతురు అందరి ముందే అతని చెయ్యి పట్టేసుకుంది.

పెద్దాయన మాత్రం మొహం చిట్లించి ఫ్రిజ్ వైపు తిరిగారు. "అన్నిట్లోనూ ఉండాల్సిందే అయితే, నాలుగో దాంట్లో ఎందుకు లేదు? అది తేలకపోతే మన మాట ఎవరూ నమ్మరు."

పెళ్లికొడుకు చెవులు ఎర్రబడ్డాయి.

"అది మా పెళ్లయి నెల నిండిన రోజండీ. మూడు ట్యూబుల్లోనూ ఆ గీతే వచ్చిందని పొద్దున్నుంచీ తను దిగులుగా ఉంది," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఒక్కసారైనా నవ్వుతుందని, తను చేతులు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆ ఎంజైముతో సహా ప్రొటీన్లన్నిటినీ తినేసే మందు ఒక చుక్క అందులో వేసింది నేనే."